సూపర్‌హీరో టీమ్‌లో అందరికీ సొంత కష్టాలు, అదే రోజు విలన్ దాడి: రెండూ ఒకే కథలో అతకడం లేదు, సాయం చేయండి

కథలరాత (ప్రశ్న):

అందరికీ నమస్తే. నేనూ మా చెల్లీ కలిసి ఏడాదిగా ఒక కామిక్ చేస్తున్నాం. కథ నాది, బొమ్మలు తనవి. అధ్యాయానికి 24 పేజీలు. మూడు అధ్యాయాలు బాగానే వచ్చాయి, నాలుగోది రాసి మొత్తం కలిపి చదివితే కథ నడుముకి విరిగినట్టు ఉంది. పది రోజులుగా దీని మీదే కూర్చున్నా ఎటూ తేలడం లేదు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

టీమ్‌లో ఐదుగురు. నాయకురాలు గాలిలో కంటికి కనబడని గోడ నిలబెట్టగలదు, ఆమె తల్లికి మతిమరుపు జబ్బు ముదిరి కూతురిని కూడా గుర్తుపట్టడం లేదు. రెండోవాడు బలశాలి, లారీని కూడా ఎత్తేస్తాడు, భార్యతో విడాకులు నడుస్తున్నాయి, కూతురిని చూసే వీలు శనివారం సాయంత్రం మాత్రమే. మూడోది వేగంగా పరిగెత్తే కుర్రాడు, టీమ్ వదిలి వెళ్లిపోవాలని నిర్ణయించుకుని ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, ఇవ్వడానికి ధైర్యం చాలడం లేదు. మిగిలిన ఇద్దరూ అక్కాతమ్ముళ్లు. తమ్ముడు మైళ్ల దూరంలో చిన్న శబ్దాన్ని కూడా వినగలడు, అక్క ఎగరగలదు. అతను విని చెప్తేనే ఆమె సరైన చోటికి వెళ్తుంది, అంటే ఒకరు లేకుండా ఇంకొకరి శక్తి సగమే. కానీ తండ్రి ఇల్లు అమ్మే విషయంలో గొడవపడి రెండు నెలలుగా మాటల్లేవు.

మూడు అధ్యాయాలు వీళ్ల జీవితాలే. నాలుగో అధ్యాయంలో నీటిని తన మాట వినేలా చేసుకోగల విలన్ ఒక శనివారం సాయంత్రం నది మీద వంతెనను కూల్చడానికి వస్తాడు. 19 పేజీలు ఫైట్. చివరి 5 పేజీల్లో అక్కాతమ్ముళ్లు కౌగిలించుకుంటారు, బలశాలి భార్య వెనక్కి వస్తుంది, కుర్రాడు ఉత్తరం చించేస్తాడు.

మా చెల్లి బొమ్మలు మొదలుపెట్టేముందు చదివి ఒకటే మాట అంది: "అన్నా, మూడు అధ్యాయాలు నేను మొహాలు గీశాను, ఇప్పుడు నాతో డ్రెస్సులు గీయిస్తున్నావు." ఆ మాట మనసులో గుచ్చుకుపోయింది, ఎందుకంటే నిజం. దాడి మొదలవగానే అందరి కష్టాలూ మాయం. పోనీ ఫైట్ మధ్యలో వాటి గురించి మాట్లాడిద్దామంటే వంతెన కూలుతుంటే విడాకుల గురించి మాట్లాడేవాడు ఎవడుంటాడు? దాడి కూడా నేను తెచ్చి పడేసినట్టే ఉంది తప్ప కథలోంచి వచ్చినట్టు లేదు. ఇలాంటివి రాసినవాళ్లు, చదివినవాళ్లు ఎలా చూస్తారో చెప్పండి.

పాతకామిక్స్‌పెట్టె:

ముందుగా, మీ ఐదుగురూ నాకు నచ్చారు. ముఖ్యంగా ఆ అక్కాతమ్ముళ్లు. విని చెప్పేవాడికీ వెళ్లేదానికీ మాటల్లేకపోవడం, మీ కథ మొత్తానికి ఇదే గుండెకాయ అని నా నమ్మకం.

ఇప్పుడు సమస్య. మన దగ్గర గోరుచుట్టు మీద రోకటి పోటు అంటాం కదా. గోరుచుట్టు ఒక వేలికి ఉండి రోకలి ఇంకో వేలి మీద పడితే అవి రెండు వేర్వేరు నొప్పులే. మీ కథలో జరిగింది అదే. కష్టాలు ఒక చోట ఉన్నాయి, దాడి ఇంకో చోట పడింది. వంతెన కూలితే మీ నాయకురాలికి ఎంత నొప్పో, ఏ కష్టమూ లేని ఇంకో హీరోకీ అంతే నొప్పి.

నేను ప్రతి కథకీ ఒక పరీక్ష పెడతాను. సొంత కష్టాన్ని కథలోంచి తీసేసి చూడండి, ఫైట్ అలాగే నిలబడితే ఆ రెండూ అతకలేదన్నట్టే. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1966లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ 33వ సంచిక, స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలది. స్పైడర్‌మ్యాన్ పిన్ని ప్రాణం మీదికి వచ్చింది, కారణం ఇంకేదో కాదు, ఇతను అంతకుముందు ఆమెకి ఇచ్చిన రక్తమే, అందులోని రేడియోధార్మికత. ఆమెకి కావాల్సిన మందును విలన్ తన పరిశోధన కోసం ఎత్తుకుపోయాడు. ఇతనేమో నీళ్లు కారుతున్న స్థావరంలో పెద్ద యంత్రం కింద ఇరుక్కుపోయి ఉంటాడు, మందు డబ్బా చేతికి అందనంత దూరంలో ఎదురుగానే పడి ఉంటుంది. అతను ఆ యంత్రాన్ని ఎత్తడం పేజీల తరబడి నడుస్తుంది. అందులోంచి పిన్నిని తీసేయండి, ఏమీ మిగలదు. ఇనుము ఎత్తడం మిగులుతుంది. చిన్నప్పుడు అది చదివి ఆ డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాను, ఫైట్‌లో దెబ్బలు ఒక్కటీ గుర్తులేవు.

టీమ్ కథల సంగతికొస్తే, సూపర్‌హీరోల మొదటి జట్టు 1940లోనే వచ్చింది, జస్టిస్ సొసైటీ. ఆ తొలి కథల్లో అందరూ ఒక చోట చేరతారు, తర్వాత ఎవరి అధ్యాయంలో వాళ్లు ఒంటరిగా పోరాడి చివర్లో మళ్లీ కలుస్తారు. అలా ఉంటే గొడవపడే తీరికే ఉండదు. 1961లో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి ఫెంటాస్టిక్ ఫోర్ మొదలుపెట్టాక ఆ పద్ధతి మారింది. ఒకే ఇంట్లో ఉంటారు, చిరాకు పడతారు, వాళ్లలో ఒకడు రాతి మనిషిగా మారిపోయి ఆ శరీరాన్ని అసహ్యించుకుంటూ ఉంటాడు. అతని బలమే అతని బాధ. శక్తినీ కష్టాన్నీ విడదీయలేని చోట రచయితకి సగం పని అయిపోతుంది. మీ అక్కాతమ్ముళ్ల విషయంలో మీరు తెలియకుండానే అది చేశారు, బలశాలి విషయంలో చేయలేదు. అతని విడాకులకీ బలానికీ ఏ లంకె లేదు.

ఫెంటాస్టిక్ ఫోర్‌లోనే 1965లో ఇద్దరు సభ్యుల పెళ్లి కథ వచ్చింది, వార్షిక ప్రత్యేక సంచిక 3. సరిగ్గా మీ అంశమే, పెళ్లి రోజున దాడి. వాళ్ల పెద్ద శత్రువు డాక్టర్ డూమ్ ఒక యంత్రంతో విలన్లందరినీ రెచ్చగొట్టి పెళ్లి మీదికి తోలతాడు. అంటే ఆ రోజు దాడి యాదృచ్ఛికం కాదు, పెళ్లి కాబట్టే దాడి. ఇంతవరకూ నేర్చుకోదగ్గది. కానీ ముగింపులో ఒక పరికరంతో విలన్లందరినీ వెనక్కి పంపేసి జరిగింది వాళ్లకి గుర్తులేకుండా చేసేస్తారు. సరదాగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ మీది ఆ రకం కథ కాదు. మీ చివరి 5 పేజీలు ఆ పరికరం చేసిన పనే చేస్తున్నాయి, మూడు అధ్యాయాల బాధని చెరిపేస్తున్నాయి. ఆ 5 పేజీలు తీసేయండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

నెలనెలా:

పైన చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ కొలతల గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఆరేళ్లుగా నెలకో అధ్యాయం చొప్పున సీరియల్ రాస్తున్నాను, నా అనుభవంలో ఇది అంచనా సమస్య కూడా.

మీకు ఐదుగురి కష్టాలు ఉన్నాయి, అన్నీ ఒకే మంట మీద మరుగుతున్నాయి. 24 పేజీల్లో అన్నిటికీ న్యాయం చేయలేరు, ఎవరి తరమూ కాదు. అమెరికన్ కామిక్స్‌లో పాల్ లెవిట్జ్ అని ఒకాయన ఉన్నారు, ఇరవైమందికి పైగా సభ్యులున్న లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్ రాసేవారు. అంతమందిని పట్టుకోవడానికి ఆయన వాడిన పద్ధతికి ఆయన పేరే పడింది. గళ్ల కాగితం మీద సంచికలు ఒక వైపు, కథా తీగలు ఒక వైపు రాసుకుంటారు. ఒక సంచికలో ఒకటే పెద్ద తీగ, దాని కింద ఒక మోస్తరు తీగ, అడుగున ఒకటి రెండు చిన్నవి, అవి ఒక పేజీయో, రెండు గడులో (గడి అంటే పేజీలో ఒక్కో బొమ్మ ఉండే పెట్టె). పెద్దది ముగిసేసరికి మోస్తరుది పైకి వస్తుంది, చిన్నది మోస్తరుది అవుతుంది, అడుగున కొత్తది నాటుతారు. అందుకే ఏ సంచికలోనూ ఏదో "మొదలైనట్టు" అనిపించదు, అన్నీ అప్పటికే నడుస్తూ ఉంటాయి.

ఈ లెక్కన చూస్తే మీ విలన్ మొదటి అధ్యాయంలోనే రావాలి. ఫైట్‌కి కాదు. అడుగు తీగలాగా. ఎవరో కుళాయి తిప్పితే నీళ్లు పైకి పారతాయి, రెండు గడులు, అంతే, ఎవరూ పట్టించుకోరు. రెండో అధ్యాయంలో నది ఒక రాత్రి కాసేపు ఆగిపోతుంది, వినగలిగే తమ్ముడు నిద్రలోంచి లేస్తాడు, ఎందుకంటే రోజూ వినబడే శబ్దం వినబడటం లేదు. అతను అక్కకి చెప్పాలి. మాటల్లేవు కాబట్టి చెప్పడు. ఇక మూడో అధ్యాయంలో మీరు ఏమీ చేయక్కర్లేదు, పాఠకుడే టెన్షన్ పడతాడు. వంతెన మీద మనుషులు ప్రమాదంలో పడ్డారంటే అందులో ఆ మౌనానికీ వాటా ఉంది. అప్పుడు దాడి మీరు తెచ్చి పడేసినట్టు ఉండదు.

ఇలాగే 4వ అధ్యాయంలో ఈ కష్టాల్ని సమానంగా పంచకండి. అక్కాతమ్ముళ్లది పెద్దది. బలశాలిది మోస్తరు. కుర్రాడి ఉత్తరం రెండు గడులు. నాయకురాలి తల్లి సంగతి ఈ అధ్యాయంలో అసలు ఎత్తకండి, ఐదో అధ్యాయానికి దాచుకోండి. దాచుకోవడం అంటే మర్చిపోవడం కాదు, ఆమె ఫోన్ ఒకసారి వెలిగి ఆరిపోతే చాలు.

ఇంకో మాట. దాడి లేకుండా కూడా ఒక అధ్యాయం నడుస్తుందని గుర్తుపెట్టుకోండి. 1981లో న్యూ టీన్ టైటన్స్ 8వ సంచికలో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ టీమ్ సభ్యులు ఎవరి రోజు వాళ్లు ఎలా గడుపుతున్నారో చూపించారు. సగం శరీరం యంత్రమైపోయిన సైబోర్గ్ అందులో కృత్రిమ అవయవాలున్న పిల్లల్ని కలుస్తాడు. అతను అసహ్యంగా చూసుకునే శరీరాన్ని ఆ పిల్లలు ఇష్టంగా చూస్తారు. నాకు ఆ సిరీస్‌లో ఎన్నో ఫైట్లు కలిసిపోయాయి గానీ ఇది విడిగా ఉండిపోయింది.

నైట్‌డ్యూటీ:

నేను రచయితను కాదు. పదకొండేళ్లుగా ఎమర్జెన్సీ వార్డులో నర్సుని, కామిక్స్ ఇష్టంగా చదువుతాను. "వంతెన కూలుతుంటే విడాకుల గురించి మాట్లాడేవాడు ఎవడుంటాడు" అన్న మాట చూసి రాయాలనిపించింది. నిజమే, ఎవరూ మాట్లాడరు. కానీ అది లోపలే ఉంటుంది, వేరే దారిలో బయటికి వస్తుంది. ఆ దారి ఏమిటో చెప్తాను.

ఒకసారి మా తమ్ముడు ఇంట్లో నాతో గొడవపడి వెళ్లిపోయాడు, రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. రెండో రోజు రాత్రి నా డ్యూటీలో బస్సు ప్రమాదం కేసులు ఒక్కసారిగా వచ్చాయి. మీరు నమ్ముతారో లేదో, నాలుగు గంటలపాటు మా తమ్ముడు నాకు ఒక్కసారి కూడా గుర్తురాలేదు. సిగ్గుపడాల్సిన విషయం కాదు అది, శరీరం అలాగే పనిచేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చూపు ఎదురుగా ఉన్నదాని మీదికి ఇరుకైపోతుంది, పక్కన పిలిచినా వినబడదు, టైమ్ తెలియదు. అప్పుడు ఒక కుర్రాడి షూ లేసులు కత్తిరిస్తున్నాను. అలాంటి షూనే మా వాడికి నేను కొనిచ్చాను. చేయి ఆగిపోయింది. మహా అయితే మూడు సెకన్లు. పక్కనున్న సీనియర్ ఏమీ అనకుండా నా చేతిలోంచి కత్తెర తీసుకుని మిగిలింది కత్తిరించేసింది, నేను ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోయాను. దాని గురించి మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోలేదు. మీ కథలో కావాల్సింది ఆ మూడు సెకన్లు. డైలాగ్ అక్కర్లేదు.

కాబట్టి మీ బలశాలి శనివారం సాయంత్రం కూతురి దగ్గర ఉండాల్సినవాడు వంతెన కింద ఉన్నాడు. అతను కూతురి గురించి ఆలోచించడు. కానీ కారు వెనక సీట్లో చిన్నపిల్ల సీటు బెల్టు పట్టుకునేటప్పుడు అతని చేతులు, ఇనుము వంచే చేతులు, బకిల్ తీయలేకపోతాయి. వేళ్లతో చేసే చిన్న పనులు ఆ సమయంలో నిజంగానే కుదరవు, మాకు సూది దారం కూడా చేతికి రాదు ఒక్కోసారి. ఎవరో పక్క నుంచి వచ్చి తీస్తారు. కుర్రాడు తీస్తే ఇంకా బాగుంటుందేమో.

పైన బలానికీ విడాకులకీ లంకె లేదన్నారు కదా, నాకైతే ఈ బకిల్‌లో కనబడింది.

ఇక అక్కాతమ్ముళ్ల గురించి. వార్డులో ఒక పద్ధతి ఉంది. డాక్టర్ మందు పేరూ మోతాదూ చెప్తారు, నేను అదే మాట తిరిగి చెప్తాను, ఇచ్చాక "ఇచ్చాను" అని మళ్లీ చెప్తాను. గోలలో ఒకరు చెప్పింది ఇంకొకరు తప్పుగా వినకుండా. అప్పుడు ఎదుటివాళ్లు నాకు నచ్చినవాళ్లా కాదా అన్న ప్రసక్తే రాదు, పొద్దున గొడవపడ్డ డాక్టర్‌తో కూడా అలాగే మాట్లాడతాను. మీ అక్కాతమ్ముళ్లు కూడా అలాగే మాట్లాడుకోవాలి.

"ఎడమ నుంచి మూడో కారు."
"మూడో కారు. వెళ్తున్నా."
"ఇద్దరు."
"ఇద్దరు. తీశాను."

రెండు నెలల తర్వాత వాళ్ల మొదటి మాటలు ఇవే. సారీ లేదు, ఏమీ లేదు. పని అయిపోయాక మళ్లీ మాటలు ఆగిపోతాయి. చదివేవాళ్ల గుండె అక్కడ పట్టేస్తుందని నా నమ్మకం, నా గుండె ఇది రాస్తుంటేనే పట్టేస్తోంది.

ఇంకొకటి కూడా ఉంది. ఒకేసారి చాలామంది గాయపడి వచ్చినప్పుడు అరిచేవాళ్ల దగ్గరికి కాదు, అరవనివాళ్ల దగ్గరికి ముందు వెళ్లమని మాకు నేర్పిస్తారు. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోందని అర్థం. మీ తమ్ముడు పాత్రకి అందరి కేకలూ వినబడతాయి. అతను వెతకాల్సింది ఆ కేకల్లో లేనివాడిని, శబ్దం రాని కారుని. అది అతనికి కష్టం, రెండు నెలలుగా ఇంట్లో ఒక మౌనం వింటూ దాన్ని పట్టించుకోనివాడు కదా.

ఇంకోవైపు:

అందరూ దాడిని కష్టాలకి ముడివేయమంటున్నారు, నాకు ఒక భయం ఉంది, చెప్పాలి. మరీ బిగించి ముడివేస్తే ప్రపంచం అంతా ఈ ఐదుగురి మనోవేదన కోసమే ఉన్నట్టు తయారవుతుంది. వంతెన మీద ఉన్నవాళ్లు ఎవరు? వాళ్లకీ ఆ శనివారం ఏదో ఉంటుంది. ఒకడు ఆస్పత్రికి వెళ్తుంటాడు, ఒకామె ఇంటర్వ్యూ నుంచి వస్తుంటుంది. నేను చదివిన చాలా టీమ్ కథల్లో జనం అంటే పరిగెత్తే నీడలే, హీరో బాధ పూర్తయ్యేదాకా వాళ్లు ఆగాలి. అది నాకు కోపం తెప్పిస్తుంది.

అలాగే విలన్. అతను శనివారమే ఎందుకు వచ్చాడు? బలశాలి కూతురిని చూసే రోజని తెలిసి వస్తే చీప్‌గా ఉంటుంది. అతనికి ఆ వంతెనతో ఏదో ఉండాలి. నది దిశ మళ్లించినప్పుడు అతని ఊరు మునిగిపోయిందేమో, వంతెన స్తంభాలు ఆ నేల మీదే నిలబడ్డాయేమో. అతనిది కూడా ఇల్లు పోయిన కథ అయితే, ఇల్లు అమ్మడం మీద గొడవపడ్డ అక్కాతమ్ముళ్లకి అతని మాట తగులుతుంది. అది మీరు చెప్పక్కర్లేదు, పక్కపక్కన పెడితే చాలు.

పాతకామిక్స్‌పెట్టె:

జనం గురించి మీరన్నది న్యాయమైన మాట, నేను దాన్ని వదిలేశాను. నా మొదటి జవాబులో దాడి అంతా హీరోల గాయం మీదే పడాలన్నట్టు రాశాను, అది ఎక్కువైంది. ఐదుగురిలో ఒక్కరి గాయం మీద పడితే చాలు. మిగిలిన నలుగురికీ అది ఎవరికైనా వచ్చే ఆపదలాగే ఉండనివ్వండి.

కథలరాత:

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రంతా చెల్లీ నేనూ కూర్చుని ఇవన్నీ రెండుసార్లు చదివాం. నైట్‌డ్యూటీ అక్కా, మీ షూ లేసుల సంగతి చదివి తను లేచి వెళ్లి కాసేపటి తర్వాత వచ్చింది. మీ తమ్ముడు బాగున్నాడని అనుకుంటున్నాం.

ఇప్పుడు ఇలా మార్చాం. మొదటి రెండు అధ్యాయాల్లో నీళ్ల గడులు చేర్చుతున్నాం, నది ఆగిన రాత్రి తమ్ముడు అక్క గది తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయే పేజీతో సహా. అది మాటల్లేని పేజీ, ఆరు గడులు, చెల్లి అప్పుడే పెన్సిల్‌తో వేసేసింది. నాలుగో అధ్యాయంలో ఫైట్ 19 పేజీల నుంచి 13కి తగ్గింది. తగ్గించాక పెద్దదైనట్టు అనిపిస్తోంది, అది ఎందుకో నాకు అర్థం కావడం లేదు గానీ అలాగే ఉంది. విలన్‌తో నేరుగా కొట్లాట మూడు పేజీలే, మిగతాదంతా వంతెన మీద మనుషుల్ని దించడం. నాయకురాలి గోడ ఒక వైపు నీటిని ఆపుతుంది, ఆమె అక్కడే నిలబడి ఉండాలి, కదిలితే గోడ పోతుంది. ఆమె ఫోన్ వెలుగుతుంది, చేతులు ఖాళీ లేవు, ఆరిపోతుంది. అక్కడితో వదిలేశాం, ఐదో అధ్యాయం అక్కడి నుంచి మొదలు.

బకిల్ సీన్ కుర్రాడితోనే పెట్టాం. వాడు ఒంగి బకిల్ తీస్తుంటే జేబులోంచి ఉత్తరం జారి నీళ్లలో పడుతుంది. బలశాలి చూస్తాడు. కవరు మీద టీమ్ పేరు ఉంటుంది, అతనికి అర్థమవుతుంది. ఏమీ అనడు. ఉత్తరం పోయినంత మాత్రాన కుర్రాడు ఉండిపోతాడని కాదు, మళ్లీ రాయొచ్చు, కానీ ఇప్పుడు ఒకరికి తెలుసు.

అక్కాతమ్ముళ్ల మాటలు మీరు రాసినట్టే ఉంచాం. చివరి కారు శబ్దం లేని కారు. అతను చాలాసేపు వెతుకుతాడు, చెప్తాడు, ఆమె వెళ్తుంది. అందులో ముసలాయన ఉంటాడు, బతికే ఉంటాడా లేదా అని ఇంకా తేల్చుకోలేదు. చెల్లి బతకాలంటోంది. నేను ఇంకా ఆలోచిస్తున్నాను, ఆ రెండో అధ్యాయం మౌనానికి ఏదో ఒక ఖరీదు ఉండాలి కదా.

చివరి 5 పేజీలు తీసేశాం. కౌగిలింత లేదు, భార్య రావడం లేదు. వాటి బదులు మూడు పేజీలు, వంతెన ఒడ్డున ఐదుగురూ కూర్చుని ఉంటారు. చెల్లి అడుగుతోంది, నైట్‌డ్యూటీ అక్కా, అలాంటి రాత్రి అయిపోయాక మనుషులు ఎలా ఉంటారు? ఎలా కూర్చుంటారు? తను ఏడుస్తున్న మొహాలు గీయడం ఇష్టం లేదంటోంది.

నెలనెలా:

ఖరీదు ఉండాలి. కానీ చావే ఖరీదు కానక్కర్లేదు. ముసలాయన బతికి, ఎవరు ముందు విన్నారు, ఎప్పుడు విన్నారు అని ఐదో అధ్యాయంలో అడిగితే తమ్ముడు ఏం చెప్తాడు? నాకు అది ఎక్కువ భయంగా ఉంది.

నైట్‌డ్యూటీ:

మా తమ్ముడు మూడో రోజు ఫోన్ చేశాడు, బాగున్నాడు. అడిగినందుకు సంతోషం.

మీ చెల్లెలికి చెప్పండి, ఏడుపు అప్పుడే రాదు. ముందు వణుకు వస్తుంది. చేతులు, మోకాళ్లు. చలి లేకపోయినా చలేస్తుంది, చేతులు చంకల్లో పెట్టుకుంటారు. ఎవరో ఒకరు దేనికో నవ్వుతారు, నవ్వు ఆపలేరు. ఒకరు చేసిన పనే మళ్లీ చేస్తుంటారు, నేను ఆ రాత్రి కుళాయి దగ్గర నిలబడి శుభ్రమైన చేతులే కడుగుతూ ఉన్నాను, సీనియర్ వచ్చి కుళాయి కట్టేసింది. దాహం బాగా వేస్తుంది. ఎవరూ ఎదురెదురుగా కూర్చోరు, పక్కపక్కన కూర్చుంటారు, ఒకే వైపు చూస్తారు. కాబట్టి మొహాల కంటే వీపులు గీయడం బాగుంటుందేమో.

అక్కాతమ్ముళ్లు ఆ వరసలో రెండు చివర్ల కూర్చుని ఉంటారు అనుకుంటున్నాను. మధ్యలో ముగ్గురు. ఒక నీళ్ల సీసా ఒక చివర నుంచి మొదలై చేతులు మారుతూ రెండో చివరకి వస్తుంది.